డాక్టర్ మీద కంప్లైంట్ ఎక్కడ పెట్టాలి, ఎలా పెట్టాలి: మెడికల్ కౌన్సిల్ సంగతి మొదట్నుంచీ

మా ఊళ్ళో ఆర్‌ఎంపీ డాక్టర్ అంటే బండి మీద బ్యాగు తగిలించుకుని ఇంటికే వచ్చి సూదేసి సెలైన్ ఎక్కించి వెళ్ళే ఆయన. చట్టంలో ఆర్‌ఎంపీ అంటే మాత్రం రిజిస్టర్డ్ మెడికల్ ప్రాక్టీషనర్, అంటే ఎంబీబీఎస్ చదివి మెడికల్ కౌన్సిల్ రిజిస్టర్‌లో పేరు ఎక్కిన అసలు డాక్టర్. అవే మూడక్షరాలు, అర్థం మాత్రం పూర్తిగా ఉల్టా, ఈ ఒక్క ముక్క తెలీక కౌన్సిల్ దాకా వెళ్ళి తిరిగొచ్చిన వాళ్ళని చూశాను, ఎందుకంటే కౌన్సిల్ చర్య తీసుకునేది తన రిజిస్టర్‌లో ఉన్న పేరు మీదే. అసలు రిజిస్టర్‌లోనే లేనివాడి పేరు కొట్టేసేది ఏముంటుంది? వాడి మీద క్రిమినల్ కేసే.

మా పిన్నికి గాల్ బ్లాడర్ ఆపరేషన్ తేడా కొట్టినప్పుడు ఈ గొడవంతా మేం పడ్డాం. ఊరి పేరు, ఆస్పత్రి పేరు చెప్పను, అడగొద్దు. అప్పుడు నేర్చుకున్నదంతా వరసగా రాస్తున్నా, మీకు అవసరం పడకూడదనే కోరుకుంటా గానీ పడితే పనికొస్తుంది.

ముందు ఎవరు ఎవరో తెలుసుకోండి

ఢిల్లీలో ఉండేది నేషనల్ మెడికల్ కమిషన్, ఎన్ఎంసీ అంటాం. పాతకాలం మెడికల్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా మీద అవినీతి ఆరోపణలు పెరిగిపోయి, 2010లో దాని ప్రెసిడెంట్‌నే సీబీఐ అరెస్ట్ చేసి, 2016లో పార్లమెంటరీ కమిటీ కూడా చీవాట్లు పెట్టి, ఆఖరికి 2019లో కొత్త చట్టం తెచ్చి 2020 సెప్టెంబర్ 25 నుంచి ఎన్ఎంసీని కూర్చోబెట్టారు. దీని కింద నాలుగు బోర్డులు ఉంటాయి, మూడు కాలేజీలు, సీట్లు, తనిఖీల సంగతి చూస్తాయి, మనకి వాటితో పని లేదు. మనకి కావల్సింది నాలుగోది, ఎథిక్స్ అండ్ మెడికల్ రిజిస్ట్రేషన్ బోర్డ్. దేశం మొత్తం డాక్టర్ల రిజిస్టర్, వాళ్ళ నడవడిక ఈ బోర్డు చూస్తుంది.

కానీ కంప్లైంట్ నేరుగా ఢిల్లీకి పంపితే తిప్పి మన రాష్ట్రానికే పంపుతారు. మొదటి మెట్టు రాష్ట్ర కౌన్సిలే. తెలంగాణ వాళ్ళకి హైదరాబాద్‌లో తెలంగాణ మెడికల్ కౌన్సిల్, ఆంధ్రా వాళ్ళకి విజయవాడలో ఏపీ మెడికల్ కౌన్సిల్. చెన్నైలోనో బెంగళూరులోనో ఆపరేషన్ చేయించుకుని ఉంటే ఆ డాక్టర్ ఏ రాష్ట్ర కౌన్సిల్‌లో రిజిస్టర్ అయ్యాడో అక్కడ పెట్టాలి.

ఇంకోటి, ఇదంతా అల్లోపతి డాక్టర్లకే. పళ్ళ డాక్టర్‌కి డెంటల్ కౌన్సిల్ వేరు, హోమియో, ఆయుర్వేదం వాళ్ళకి వాళ్ళ కమిషన్లు వేరు. ఆస్పత్రి బిల్డింగు, బిల్లులు, లైసెన్సు, శుభ్రత లాంటివైతే జిల్లా వైద్యాధికారి, అదే డీఎంహెచ్ఓ ఆఫీసు. ఆరోగ్యశ్రీ కింద చేరినా డబ్బులు గుంజితే ముందు అక్కడే ఉండే ఆరోగ్యమిత్రని పట్టుకోండి, 104కి ఫోన్ చేయండి. కౌన్సిల్ చూసేది డాక్టర్ అనే మనిషిని, ఆస్పత్రి అనే కంపెనీని కాదు. కంప్లైంట్‌లో ఆస్పత్రి పేరు ఒక్కటే రాసి డాక్టర్ పేరు రాయకపోతే అది ముందుకి కదలదు.

స్టెప్ 1: నంబర్ చూడండి, వైద్యం మొదలవ్వకముందే

ప్రతి డాక్టర్ రిజిస్ట్రేషన్ నంబర్ క్లినిక్‌లో కనపడేలా పెట్టాలి, మందుల చీటీ మీద, సర్టిఫికెట్ మీద, డబ్బులు తీసుకున్న రసీదు మీద కూడా ఉండాలి. ఇది 2002 నాటి ఎథిక్స్ రెగ్యులేషన్స్‌లో రాసుంది. 2023 ఆగస్టులో కొత్త రూల్స్ తెచ్చి, డాక్టర్ల సంఘాలు గోల చేసేసరికి అదే నెలలో పక్కన పెట్టేశారు, అంచేత ఇప్పటికీ 2002వే నడుస్తున్నాయి, కంప్లైంట్ రాసేటప్పుడు వాటి పేరే రాయండి.

నంబర్ చూడ్డానికి ఏపీఎంసీ/ఎఫ్ఎంఆర్/ అని గానీ టీఎస్ఎంసీ/ఎఫ్ఎంఆర్/ అని గానీ ఉండి తర్వాత అంకెలు ఉంటాయి. ఎఫ్ఎంఆర్ అంటే ఫారిన్‌లో చదివాడని కాదు, ఫైనల్ మెడికల్ రిజిస్ట్రేషన్ అని. అలాగే 2014కి ముందు అందరూ ఉమ్మడి రాష్ట్రంలోనే రిజిస్టర్ అయ్యారు కాబట్టి హైదరాబాద్ డాక్టర్ చీటీ మీద ఏపీఎంసీ అని కనిపించగానే దొంగ డాక్టర్ అనుకుని కంగారు పడకండి.

ఆ నంబర్‌ని ఎన్ఎంసీ వెబ్‌సైట్‌లో ఇండియన్ మెడికల్ రిజిస్టర్ అనే పేజీలో కొట్టండి. పేరుతో వెతికితే ఒకే పేరు వాళ్ళు బోలెడుమంది వస్తారు, మన తెలుగు పేర్ల సంగతి తెలిసిందేగా, శ్రీనివాసరావులు ఎంతమంది ఉంటారో లెక్కే లేదు, అందుకే నంబర్, కౌన్సిల్ పేరు రెండూ కలిపి వెతకండి. పేరు, తండ్రి పేరు, డిగ్రీ, ఏ యూనివర్సిటీ, ఏ సంవత్సరం అన్నీ వస్తాయి. బ్లాక్‌లిస్ట్ అయిన డాక్టర్ల లిస్ట్ కూడా అక్కడే విడిగా ఉంటుంది. అందులో దొరకలేదంటే వెంటనే గొడవ పెట్టుకోకండి, ఢిల్లీ రిజిస్టర్ అప్‌డేట్ అవ్వడం లేటు, రాష్ట్ర కౌన్సిల్‌లో కూడా కనుక్కున్నాకే ఒక నిర్ణయానికి రండి.

అసలు చూడాల్సింది పేరు పక్కన అక్షరాలు. బోర్డు మీద డిగ్రీల తోక బారెడు ఉంటుంది, అందులో సగం మూడు నెలల సర్టిఫికెట్ కోర్సులూ ఫెలోషిప్‌లూ. పీజీ చేసిన డాక్టర్ ఆ పీజీని కూడా కౌన్సిల్‌లో అదనంగా రిజిస్టర్ చేయించుకోవాలి. ఆ స్పెషాలిటీలో తగిన క్వాలిఫికేషన్ లేకుండా స్పెషలిస్ట్ అని చెప్పుకోవడం తప్పు కిందే లెక్క. ఆన్‌లైన్ కన్సల్టేషన్‌కీ ఇదే రూల్, 2020 మార్చిలో వచ్చిన టెలీమెడిసిన్ గైడ్‌లైన్స్ ప్రకారం వాట్సాప్‌లో పంపే ప్రిస్క్రిప్షన్ మీద కూడా నంబర్ ఉండాలి, అమెరికాలో ఉండి ఇక్కడి అమ్మానాన్నలకి వీడియో కాల్‌లో చూపించేవాళ్ళు ఇది గమనించండి.

నంబర్ ఎక్కడా లేదు, అడిగితే మాట మారుస్తున్నాడు అంటే అది ఎన్ఎంసీ చట్టం సెక్షన్ 34 కిందకి రావొచ్చు, ఏడాది వరకూ జైలు, 5 లక్షల వరకూ జరిమానా. తెలంగాణ కౌన్సిల్ వాళ్ళు 2024లో ఇలాంటి క్లినిక్‌ల మీద తనిఖీలు చేసి కేసులు పెట్టించారు కూడా. మా ఊరి ఆర్‌ఎంపీని నేను తిట్టలేను, అర్ధరాత్రి తలుపు కొడితే లేచి వచ్చేది ఆయనొక్కడే, కానీ జ్వరానికి స్టెరాయిడ్ పొడిచి పంపితే అడిగే దిక్కు లేదన్నది కూడా నిజమే.

స్టెప్ 2: ఏదైనా జరిగిన రోజు ఏం చేయకూడదు

మన దగ్గర పద్ధతి అందరికీ తెలుసు. పేషెంట్ చనిపోతే ఆస్పత్రి ముందు టెంటు, బంధువుల ధర్నా, లోకల్ లీడర్ ఒకాయన మధ్యలోకి వచ్చి లోపలికెళ్ళి గంట తర్వాత బయటికొచ్చి ఇంతకి సెటిల్ అయింది అంటాడు, కాగితం మీద సంతకం, పోస్ట్‌మార్టం లేదు, సాయంత్రానికి దహనం అయిపోతుంది. దుఃఖంలో ఉన్నవాళ్ళని తప్పు పట్టను, డబ్బు అవసరం కూడా నిజమే. కానీ ఆ సెటిల్‌మెంట్‌తో డాక్టర్ రిజిస్టర్ మీద చిన్న గీత కూడా పడదు, తప్పు నిజంగా ఆయనదే అయితే వచ్చే నెల ఇంకొకరికి అదే జరగొచ్చు, తప్పు ఆయనది కాకపోతే చేయని తప్పుకి డబ్బు కట్టినట్టు. రెండు వైపులా అన్యాయమే.

అద్దాలు మాత్రం పగలగొట్టొద్దు. 2008లో ఉమ్మడి రాష్ట్రంలో వచ్చిన చట్టం ప్రకారం డాక్టర్లు, ఆస్పత్రుల మీద దాడి నాన్ బెయిలబుల్, మూడేళ్ళ వరకూ శిక్ష, పాడు చేసిన సామాను విలువకి రెట్టింపు కట్టాలి. మీరు ఫిర్యాదుదారుగా వెళ్ళి ముద్దాయిగా తేలతారు.

మరణం మీద అనుమానం ఉంటే ఆ రోజే పోలీసులకి రాసిచ్చి పోస్ట్‌మార్టం అడగండి. కష్టమే, ఇంట్లో పెద్దవాళ్ళు ఒప్పుకోరు, కానీ తర్వాత ఎన్నేళ్ళు కొట్లాడినా ఆ రిపోర్ట్ లేని లోటు తీరదు.

స్టెప్ 3: కేస్‌షీట్. అన్నిటికంటే ముఖ్యం ఇదే

డిశ్చార్జ్ సమ్మరీ వేరు, కేస్‌షీట్ వేరు. సమ్మరీ అంటే చివర్లో ఆస్పత్రి వాళ్ళు నీట్‌గా టైప్ చేసి ఇచ్చే కథ. కేస్‌షీట్ అంటే రోజూ డాక్టరూ నర్సూ చేత్తో రాసిన నోట్సు, బీపీ చార్టులు, మందులు ఎక్కించిన టైములు, ఆపరేషన్‌కి ఒప్పుకుంటున్నాం అని సంతకం పెట్టే కన్సెంట్ ఫామ్, మత్తు ఇచ్చినవాళ్ళు రాసే అనస్తీషియా నోట్స్, ఆపరేషన్ నోట్స్. మీకు కావల్సింది ఇది.

పేషెంట్ గానీ, పేషెంట్ రాసిచ్చిన మనిషి గానీ అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి, ఇవ్వకపోతే అదొక్కటే చాలు కౌన్సిల్‌కి కంప్లైంట్ పెట్టడానికి. ఇన్‌పేషెంట్ రికార్డులు వైద్యం మొదలైన తేదీ నుంచి మూడేళ్ళు దాచాలి అని రూల్, అంటే మూడేళ్ళు దాటాక లేవు అంటే మీరేం చేయలేరు.

మేం అడగడానికి వెళ్తే మెడికల్ రికార్డ్స్ కౌంటర్‌లో అమ్మాయి ఎందుకండీ, ఇన్సూరెన్స్‌కా అని అడిగింది. మా తమ్ముడు అమాయకంగా కాదండీ కేసు వేస్తాం అనేశాడు, అంతే, సూపరింటెండెంట్ లేరు రేపు రండి మొదలైంది. ఎందుకో చెప్పాల్సిన పని లేదు మీకు. తెల్లకాగితం మీద పేషెంట్ పేరు, ఐపీ నంబర్ (ఆస్పత్రిలో చేర్చుకున్నప్పుడు ఇచ్చే ఇన్‌పేషెంట్ నంబర్), చేరిన తేదీ, పూర్తి కేస్‌షీట్ కాపీ కావాలి అని రాసి, రెండో కాపీ మీద రిసీవ్డ్ అని ముద్ర, తేదీ, టైము వేయించుకోండి. ముద్ర వేయం అంటే అక్కడ వాదించకండి, బయటికొచ్చి అదే లెటర్ స్పీడ్ పోస్ట్‌లో పంపండి, పోస్టాఫీసు రసీదే మీకు సాక్ష్యం. మీరు విదేశాల్లో ఉంటే ఇక్కడున్న మనిషికి పేషెంట్ చేత ఆథరైజేషన్ లెటర్ రాయించండి.

కాపీ వచ్చాక పేజీలకి పెన్సిల్‌తో నంబర్లు వేయండి, తర్వాత టైములు మాత్రమే ఒక కాగితం మీద వరసగా ఎత్తి రాయండి. పిన్ని కేసులో మాకు దొరికింది ఇలాగే. అనస్తీషియా నోట్స్‌లో మత్తు ఇచ్చిన టైము మధ్యాహ్నం 3:15. కన్సెంట్ ఫామ్ మీద పిన్ని సంతకం పక్కన టైము 4:40. గంటన్నర ముందే మత్తులో ఉన్న మనిషి లేచొచ్చి సంతకం పెట్టిందన్నమాట! పిన్నిని అడిగితే, పొద్దున్నే ఖాళీ ఫామ్ మీద పెట్టించుకున్నారు నాన్నా, అందులో ఏం రాయలేదు అప్పటికి, అంది. మేం అన్నాళ్ళూ బైల్ లీక్, అంటే పిత్తరసం లోపల కారడం, ఎందుకైంది అనే దగ్గరే కొట్టుకుంటున్నాం, అది నిజానికి మంచి సర్జన్ చేతిలో కూడా అప్పుడప్పుడు జరిగే కాంప్లికేషనే అని తర్వాత చూపించిన హైదరాబాద్ డాక్టరే చెప్పాడు. కాంప్లికేషన్ రావడం వేరు, నిర్లక్ష్యం వేరు. కన్సెంట్ లేకుండా కోయడం మాత్రం ఏ రకంగానూ సమర్థించుకోలేనిది, 2008లో సుప్రీంకోర్టు సమీరా కోహ్లీ కేసులో చెప్పింది కూడా ఇదే, ఏం చేయబోతున్నారో, రిస్కులేంటో చెప్పి ఒప్పించాలి, ఊరికే సంతకం చాలదు అని.

స్టెప్ 4: ఏ గడప తొక్కాలి

మూడు గడపలు ఉన్నాయి, మూడు చోట్లా దొరికేది వేరు. కౌన్సిల్ డాక్టర్‌ని మందలిస్తుంది, కొన్నాళ్ళు సస్పెండ్ చేస్తుంది, మరీ ఘోరమైతే రిజిస్టర్ నుంచి పేరు తీసేస్తుంది. ఒక్క రూపాయి కూడా మీకు ఇప్పించదు. పరిహారం కావాలంటే కన్స్యూమర్ కమిషన్. జైలు అంటే పోలీసులు. మూడూ ఒకేసారి నడపొచ్చు, ఒకటి అయ్యాకే ఇంకోటి అనే రూల్ ఏం లేదు.

పోలీస్ కేసు గురించి క్లుప్తంగా చెప్తా. 2005లో జాకబ్ మాథ్యూ కేసులో సుప్రీంకోర్టు డాక్టర్ మీద క్రిమినల్ కేసుకి మామూలు పొరపాటు చాలదు, ఘోరమైన నిర్లక్ష్యం ఉండాలి, ముందు అదే సబ్జెక్ట్ తెలిసిన స్వతంత్ర డాక్టర్ ఒపీనియన్ తీసుకోవాలి, ఊరికే అరెస్ట్ చేయకూడదు అంది. ఇప్పుడు భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 106 కింద వైద్యం చేస్తుండగా నిర్లక్ష్యం వల్ల మరణం జరిగితే రెండేళ్ళ వరకూ శిక్ష. మిగతా వాటికి నా సలహా అడిగితే ఈ గడప జోలికి పోకపోవడమే మేలు.

కన్స్యూమర్ కమిషన్‌కి రెండేళ్ళ గడువు. కౌన్సిల్‌లో కేసు నడుస్తోంది కదా అని ఈ గడియారం ఆగదు, చాలామంది ఇక్కడే మునిగిపోతున్నారు. మీరు ఆస్పత్రికి కట్టిన డబ్బు 50 లక్షల లోపైతే జిల్లా కమిషన్‌లోనే, అదీ మీరు ఉండే జిల్లాలోనే వేయొచ్చు, కట్టింది 5 లక్షల లోపైతే ఫీజు కూడా లేదు. డాక్టర్లు కన్స్యూమర్ చట్టం కిందకి వస్తారని 1995లోనే సుప్రీంకోర్టు తేల్చేసింది, కాకపోతే అందరికీ పూర్తిగా ఉచితంగా వైద్యం చేసే ఆస్పత్రులు రావు. ప్రభుత్వ రంగం కదా అని భయపడాల్సింది కూడా లేదు, హైదరాబాద్ నిమ్స్‌లో 1990లో జరిగిన ఒక ఆపరేషన్ తర్వాత కాళ్ళు చచ్చుబడిపోయిన కుర్రాడి కేసులో 2009లో సుప్రీంకోర్టు కోటి రూపాయలు ఇవ్వమంది. పంతొమ్మిదేళ్ళు పట్టింది అన్నది కూడా గుర్తుపెట్టుకోండి.

స్టెప్ 5: కౌన్సిల్‌కి కంప్లైంట్ రాయడం

లాయర్ అక్కర్లేదు. తెలుగులో రాసినా తప్పేం లేదు గానీ ఎక్స్‌పర్ట్‌కి వెళ్తుంది కాబట్టి వైద్యం ముక్కలు ఇంగ్లీష్‌లో జత చేస్తే పని తొందరగా అవుతుంది. రెండు మూడు పేజీలు దాటొద్దు. మొదట మీ పేరు, అడ్రస్, పేషెంట్‌కి మీరేమవుతారో. తర్వాత డాక్టర్ పూర్తి పేరు, రిజిస్ట్రేషన్ నంబర్, ఎక్కడ పనిచేస్తాడో, ఎంతమంది డాక్టర్లు ఉంటే అంతమందివీ విడివిడిగా. తర్వాత తేదీల వారీగా ఏం జరిగిందో, ఒక్కో తేదీ పక్కన కేస్‌షీట్‌లో ఎన్నో పేజీలో ఉందో రాయండి.

రాక్షసుడు, కసాయి, నా ఉసురు తగులుద్ది లాంటివి రాయాలనిపిస్తుంది, మా బాబాయి మొదటి డ్రాఫ్ట్ నిండా అవే. తీసేయండి. వాటి బదులు ఫలానా రోజు కన్సెంట్ లేకుండా ఆపరేషన్ చేశారు, 72 గంటల్లో రికార్డులు ఇవ్వలేదు, చీటీ మీద నంబర్ లేదు, ఇలా ఏ రూల్ తప్పారో అది రాయండి. నంబర్ లేకపోవడం, రికార్డులు ఇవ్వకపోవడం లాంటివి చిన్నవిగా కనిపిస్తాయి గానీ నిర్లక్ష్యం నిరూపించడం కష్టమైన చోట ఇవే నిలబడతాయి.

కాగితాలన్నీ సెట్లుగా చేయండి, కౌన్సిల్‌కి, ప్రతి డాక్టర్‌కి ఒక్కోటి, మీకొకటి. ఒరిజినల్స్ ఎవరికీ ఇవ్వొద్దు. కొన్ని చోట్ల నోటరీ చేసిన అఫిడవిట్ అడుగుతారు, ముందే ఫోన్ చేసి కనుక్కోండి. వీలైతే స్వయంగా వెళ్ళి ఇచ్చి ఇన్‌వర్డ్ నంబర్ తీసుకోండి, ఆ నంబర్ లేకుండా తర్వాత ఎన్నిసార్లు ఫోన్ చేసినా పేరు చెప్తే దొరకదండీ అంటారు.

స్టెప్ 6: తర్వాత ఏమవుతుంది

కౌన్సిల్ డాక్టర్‌కి నోటీసు పంపుతుంది, ఆయన జవాబు రాస్తాడు, ఆ జవాబు కాపీ మీరు అడిగి తీసుకోవాలి. తర్వాత ఎథిక్స్ కమిటీ ముందుకి ఇద్దర్నీ పిలుస్తారు. అవసరమైతే ఆ సబ్జెక్ట్ స్పెషలిస్ట్ ఒపీనియన్ అడుగుతారు. రూల్ ప్రకారం ఆరు నెలల్లో తేల్చాలి. మాకు మొదటి పిలుపు రావడానికే తొమ్మిది నెలలు పట్టింది.

ఊరికే ఎదురు చూడొద్దు, కౌన్సిల్ చట్టం కింద ఏర్పడిన సంస్థ కాబట్టి ఆర్టీఐ, అదే సమాచార హక్కు చట్టం, వర్తిస్తుంది. పది రూపాయల ఫీజుతో నా కంప్లైంట్ ఏ దశలో ఉంది, ఏ తేదీన నోటీసు పంపారు, కమిటీ ఎప్పుడు కూర్చుంది అని అడగండి. మా ఫైలు కదిలింది ఈ ఆర్టీఐ వేశాకే అని నా గట్టి నమ్మకం.

హియరింగ్‌లో బల్లకి అవతల కూర్చునేదంతా డాక్టర్లే. డాక్టర్ మీద డాక్టర్లే తీర్పు చెప్తే ఇంకేం న్యాయం అని నాకూ అనిపించింది, ఇప్పటికీ కొంత అనుమానం ఉంది. ఇంగ్లండ్‌లో జనరల్ మెడికల్ కౌన్సిల్‌కి 2012 నుంచి విచారణ కోసం విడిగా ట్రిబ్యునల్ ఉంది, డాక్టర్లు కానివాళ్ళు కూడా ప్యానెల్‌లో కూర్చుంటారు, అక్కడ పనిచేసే మన తెలుగు డాక్టర్లని అడగండి, దాని పేరు చెప్తే ఎంత జాగ్రత్తగా ఉంటారో. కానీ మా హియరింగ్‌లో మాత్రం ఒక పెద్ద డాక్టరమ్మ కేస్‌షీట్ రెండు పేజీలు పక్కపక్కన పెట్టి, ఈ టైము ఏంటి, ఈ టైము ఏంటి, అని ఒక్క ప్రశ్నే అడిగింది. ఆ సర్జన్ నర్సు పొరపాటున రాసిందన్నాడు. నర్సుని పిలిపించమంది.

స్టెప్ 7: ఆర్డర్ నచ్చకపోతే

ఆర్డర్ సర్టిఫైడ్ కాపీ తీసుకోండి, అది అందిన తేదీ కవరు మీద రాసి పెట్టుకోండి, అప్పీల్‌కి 60 రోజులే. ఇక్కడ ఒక తిరకాసు ఉంది. 2002 రూల్స్‌లో 8.8 ప్రకారం బాధపడ్డ వాళ్ళెవరైనా ఢిల్లీకి అప్పీల్ చేసుకోవచ్చు. 2019 చట్టం సెక్షన్ 30లో మాత్రం డాక్టర్ అప్పీల్ చేసుకోవచ్చు అని రాసి పేషెంట్ మాటే ఎత్తలేదు, అది చూపించి ఎన్ఎంసీ చాలామంది పేషెంట్ల అప్పీళ్ళు తిప్పి పంపింది. పేషెంట్ల కోసం పెట్టామన్న చట్టంలో పేషెంట్‌నే మర్చిపోవడం ఏంటో నాకు అర్థం కాదు. అయినా సరే 8.8 ప్రస్తావిస్తూ 60 రోజుల్లోపు అప్పీల్ వేసేయండి, తిరస్కరిస్తే ఆ కాగితం పట్టుకుని హైకోర్టులో రిట్ వేయడానికి దారి ఉంటుంది. అసలు వేయకపోతే అదీ లేదు.

మా ఆర్డర్ వచ్చేసరికి ఆపరేషన్ జరిగి ఏడాదీ పది నెలలు అయింది. కన్సెంట్ సరిగ్గా తీసుకోనందుకు, రికార్డులు సరిగ్గా లేనందుకు వార్నింగ్, ఆపరేషన్‌లో నిర్లక్ష్యం రుజువు కాలేదు. అంతేనా, అంది పిన్ని. అప్పటికి ఎనిమిది నెలల క్రితమే జిల్లా కన్స్యూమర్ కమిషన్‌లో కేసు వేసి ఉన్నాం కాబట్టి బతికిపోయాం, ఆర్డర్ కోసం ఆగుంటే రెండేళ్ళ గడువుకి రెండు నెలలే మిగిలేది. ఆ వార్నింగ్ ఆర్డర్‌నే అదనపు డాక్యుమెంట్‌గా అక్కడ వేశాం, పోయిన వాయిదాకి అవతలి లాయర్ దాని కాపీ తనకి అందలేదన్నాడు, ఇంకో సెట్ జిరాక్స్ తీయించి ఇచ్చొచ్చాను.